ఆ రాజుని నువ్వెందుకు ఆపావ్?

పేకాట ఆడేవాళ్లని ఎవరినైనా కదిపి చూడండి. గెలిచిన ఆట గురించి అడిగితే అరగంట చెబుతారు. ఏ ముక్క ఎందుకు ఆపారో, ఏ ముక్క ఏ చుట్టులో వదిలారో, ఎదుటివాడి మొహం చూసి ఏం కనిపెట్టారో అన్నీ వరసగా వస్తాయి. అదే నోటితో ఓడిన ఆట గురించి చెప్పమనండి. ఆ కథలో ఆయన ఉండడు! ముక్కలు సరిగ్గా కలపనివాడు ఉంటాడు. పై చేతివాడు ఉంటాడు, కింది చేతివాడు ఉంటాడు. సరిగ్గా షో కొట్టే సమయానికి 'కాఫీ ఇవ్వనా?' అని అడిగిన ఇల్లాలు ఉంటుంది. ఆడినవాడు మాత్రం ఎక్కడా కనబడడు.

ఇందులో ఇంకో చిత్రం ఉంది. చెత్త ముక్కలు వచ్చి ఓడినవాడు పెద్దగా గొడవ చెయ్యడు. 'ఇవాళ చెయ్యి బాలేదు' అని నవ్వేసి ఊరుకుంటాడు. బంగారంలాంటి ముక్కలు పడి ఓడినవాడే బల్ల గుద్దుతాడు. నోరు జారేదీ, స్నేహాలు చెడేదీ, పందెం రెట్టింపయ్యేదీ అప్పుడే. ఈ వారం మన కబుర్లు ఆ మంచి చెయ్యి గురించే.

అరవై మూడు లెక్క

మా భవానీపురంలో ఆదివారం సాయంత్రాలు హౌసింగ్ బోర్డు కాలనీ మేడల మీద పేకాట కొత్తేం కాదు. కృష్ణ మీదుగా గాలి వస్తుంటే నలుగురు రిటైరైన పెద్దమనుషులు చాప పరుచుకుని కూర్చుంటారు. డబ్బు ఉండదు. ఎక్కువ పాయింట్లు మోసినవాడు అందరికీ పునుగులు తెప్పించాలి, అంతే. అలాంటి ఒక చాప మీద ముప్పై ఏళ్ల స్నేహితులిద్దరు నెల్లాళ్లు మాట్లాడుకోవడం మానేశారు. కారణం ఒక రాజు.

మొదటాయనకి పంచగానే పడ్డ పదమూడు ముక్కలు ఇవీ. ఆటీను అయిదు, ఆరు, ఏడు. అంటే అసలు సిసలు సీక్వెన్సు చేతిలోకే వచ్చేసింది. పైగా రెండు జోకర్లు. ఇక ఇస్పేటు రాజు, డైమండు రాజు, కళావరు రాణి, ఆటీను జాకీ. మిగతా నాలుగూ ఒకదానికొకటి పొసగని చిల్లర ముక్కలు. రమ్మీ తెలిసినవాళ్లెవరైనా ఈ చెయ్యి చూసి కళ్లకద్దుకుంటారు. ఆయనా అదే చేశాడు. మీసం కూడా ఒకసారి సవరించుకున్నాడు.

మూడో రాజు వస్తే జోకరు మిగులుతుందని ఆశ. రాజు రాలేదు. రెండో చుట్టు, మూడో చుట్టు, నాలుగో చుట్టు గడిచాయి. రాణిని వదలలేదు, జాకీని వదలలేదు. 'రెండు జోకర్లు ఉండగా మనకేంటి భయం' అన్న ధీమా. ఎదురుగా ఉన్న స్నేహితుడు మాత్రం పడేసిన ముక్కల్లోంచి రెండు ఎత్తుకున్నాడు. రెండూ కళావరు చిన్న ముక్కలే. ఆటని కట్టుకొచ్చేస్తున్నానని అంతకంటే గట్టిగా ఎవరు చెబుతారు? అయినా మనవాడి చూపు రాజుల మీదే ఉంది. ఏడో చుట్టులో అవతలివాడు షో కొట్టాడు.

లెక్క చూశారు. రెండో సీక్వెన్సు కుదరలేదు కాబట్టి ఆ మూడు ఆటీన్లూ తప్ప మిగతావన్నీ లెక్కలోకి వచ్చాయి. బొమ్మలు నాలుగూ నలభై. చిల్లర ముక్కలు ఇరవై మూడు. మొత్తం అరవై మూడు! జోకర్లకి లెక్క లేదు, పాపం అవి అలాగే నవ్వుతూ పడి ఉన్నాయి.

"ఆ రాజుని నువ్వెందుకు ఆపావ్ బావా? నీకది పనికిరాదుగా!" అని అరిచాడు ఓడినాయన.

"నువ్వు రెండు రాజులు పట్టుకు కూర్చున్నావని తెలిసే ఆపాను" అన్నాడు గెలిచినాయన, ముక్కలు కలుపుతూ.

"అది ఆట కాదు, కుళ్లు!"

ఆ 'కుళ్లు' అన్న మాట దగ్గరే ముప్పై ఏళ్ల స్నేహం ఆగింది.

ఇప్పుడు మీరే చెప్పండి. ఎదుటివాడికి ఏ ముక్క కావాలో కనిపెట్టి దాన్ని ఆపడం కుళ్లా, ఆటా? మనకి కావలసిన ముక్కలు మనకి అందించడానికి అతను అక్కడ కూర్చోలేదు. మనల్ని ఓడించడానికి కూర్చున్నాడు. ఆ పని సక్రమంగా చేసినందుకు అతన్ని తిట్టడం, బంతి బాగా వేశాడని బౌలర్‌ని తిట్టడంలాంటిది.

చెయ్యి మంచిది కాబట్టే

ఆయన ఆ చెయ్యి ఆడటం తప్పు కాదు. ఒరిజినల్ సీక్వెన్సు, రెండు జోకర్లు ఉండగా డ్రాప్ చేసేవాడు వెర్రివాడు. తప్పు ఆడటంలో లేదు, ఆడిన తీరులో ఉంది. రాణి, జాకీ మొదటి రెండు చుట్లలో వెళ్లిపోవాలి. ఎదుటివాడు కళావర్లు ఎత్తడం చూశాక రాజులూ వెళ్లిపోవాలి. వాటి చోట చిన్న ముక్కలు చేరితే ఓడినా ఆ లెక్క సగానికి దిగేది. రెండు జోకర్లకి జతగా పక్కపక్క ముక్కలు ఓ రెండు కుదిరి ఉంటే, ఎవరు చెప్పొచ్చారు, ఆయనే షో కొట్టేవాడేమో.

మరి అంత అనుభవం ఉన్న మనిషి ఎందుకు వదలలేదు? చెయ్యి మంచిది కాబట్టి! చెత్త చెయ్యి వచ్చినవాడు ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడతాడు. పడే ప్రతి ముక్కనీ చూస్తాడు. ఎప్పుడు తగ్గాలో, ఎప్పుడు మానెయ్యాలో లెక్కేసుకుంటాడు. మంచి చెయ్యి వచ్చినవాడు చూడటం మానేస్తాడు. ముక్కలు పంచిన క్షణంలోనే వాడి మనసులో గెలుపు రిజిస్ట్రేషన్ అయిపోతుంది. ఆ తర్వాత జరిగేదంతా వాడి దృష్టిలో ఆట కాదు, తన ఆస్తి తనకి అప్పజెప్పడం. మధ్యలో ఎవడైనా అడ్డం వస్తే వాడు దొంగ కాక మరేమిటి?

ఆరంభంలో వచ్చిన బలం గెలుపు కాదు, గెలుపుకి దారి మాత్రమే. ఈ మాట రమ్మీ కంటే పోకర్‌లో ఇంకా స్పష్టంగా, అంకెల్లో కనిపిస్తుంది.

రెండు ఆసులు ఎంత గట్టివి?

పోకర్ అంటే మన పాఠకుల్లో చాలామందికి కొత్తగా ఉండొచ్చు. ఇప్పుడు ప్రపంచమంతా ఆడే పద్ధతిలో ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు పంచుతారు. తర్వాత బల్ల మీద అందరికీ కలిపి అయిదు ముక్కలు తెరుస్తారు, ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖరున ఒకటి. తన రెండూ, ఆ అయిదూ కలిపిన ఏడింటిలో మేలైన అయిదు ఎవరివైతే వాళ్లది ఆట. ముక్క తెరిచే ముందూ తర్వాతా పందెం పెంచుకుంటూ పోవచ్చు, నచ్చకపోతే ముక్కలు పడేసి తప్పుకోవచ్చు.

ఇందులో మొదటే పడగలిగిన రెండు ముక్కల్లో అన్నిటికంటే గొప్పవి రెండు ఆసులు. అవి సగటున 221 ఆటలకి ఒక్కసారి వస్తాయి. అంటే రాత్రంతా కూర్చున్నా రాకపోవచ్చు. వచ్చినప్పుడు ఎలా ఉంటుందో ఊహించుకోండి. గుండె దడదడలాడుతుంది, చేతులు చల్లబడతాయి.

ఇప్పుడు లెక్క చూడండి. ఎదురుగా ఒక్కడే ఉండి, వాడి చేతిలో ఏవో రెండు ముక్కలుంటే, ఆఖరు ముక్క దాకా ఆడితే రెండు ఆసులు నూటికి 85 సార్లు గెలుస్తాయి. ఎదురుగా నలుగురు ఉండి చివరిదాకా నిలిస్తే 56 సార్లు. బల్ల చుట్టూ తొమ్మిదిమంది ఉండి ఎనిమిదిమందీ తప్పుకోకుండా ఉంటే? కేవలం 35 సార్లు! ప్రపంచంలోకెల్లా గొప్ప చెయ్యి ఆ బల్ల మీద మూడింట రెండుసార్లు ఓడిపోతుంది. ఎదుటివాడికి రెండు రాజులు పడ్డాయనుకుందాం. ఆసులవాడు గెలిచేది నూటికి సుమారు 82 సార్లు. అయిదారు ఆటలకోసారి ఆ రాజులవాడే గెలుస్తాడు. అందులో మోసం లేదు, కుట్ర లేదు. లెక్కే అంత.

మంచి ఆటగాడికి ఈ లెక్క తెలుసు. ముందే పందెం పెంచి గుంపుని పల్చబరుస్తాడు. బల్ల మీద నాలుగు కళావర్లు వరసగా పడి, నోరు మెదపని ఎదుటివాడు హఠాత్తుగా పందెం పెంచితే, తన ఆసులు రెండూ ఎరుపైతే గనక, పెట్టిన డబ్బు పోతే పోయిందని చేతులు దులుపుకుని తప్పుకుంటాడు. మనవాడు అలా చెయ్యడు. 'రెండు ఆసులు పట్టుకుని పారిపోతానా?' అంటాడు. చివరి రూపాయి దాకా తోస్తాడు. ఓడాక "ఆ చెత్త ముక్కలతో వాడు ఎందుకు ఉండాలి? బుద్ధున్నవాడెవడైనా ఆ ముక్కలు ఆడతాడా?" అని అరుస్తాడు.

ఒక్క క్షణం ఆలోచించండి. చెత్త ముక్కలతో నిలబడేవాడు మన బల్ల దగ్గర ఉండటం మనకి అదృష్టం. వాడు అలాగే ఆడుతుంటే నూరు ఆటల్లో మనకే లాభం. ఒక్క ఆటలో వాడు గెలిచాడని వాడికి పాఠం చెప్పి, తిట్టి, సిగ్గుపడేలా చేసి పంపేస్తే నష్టం ఎవరికి? కోపంలో ఈ చిన్న లెక్క కూడా తట్టదు.

కోర్టు ఏమన్నది?

మన ఆట విషయానికే వద్దాం. రమ్మీ అదృష్టమా, నైపుణ్యమా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లింది మన రాష్ట్రమే. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి, రమ్మీ ఆడుతున్నారని కేసు పెట్టారు. ఆ కేసు 1967 నవంబరులో తేలింది. తీర్పు రాసింది జస్టిస్ హిదయతుల్లా. మూడు ముక్కలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచే ఆట కాదని, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలని, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలని, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యంతో కూడినదని ఆ తీర్పు సారాంశం. ముక్కలు కలిపి పంచే ప్రతి ఆటలోనూ కొంత అదృష్టం ఉంటుంది, ఆ మాటకొస్తే బ్రిడ్జిలోనూ ఉంటుందని కూడా చెప్పారు. ఆ ఆటల మీద క్లబ్బు లాభం తీసుకుంటే అది వేరే సంగతి, నేరమే అవుతుందని కూడా అన్నారు.

పేకాటరాయుళ్లకి ఈ తీర్పు కంఠతా వచ్చు. ఇంట్లో ఎవరైనా నిలదీస్తే 'ఇది జూదం కాదు, సుప్రీంకోర్టే చెప్పింది, నైపుణ్యం!' అంటారు. బాగానే ఉంది. మరి నైపుణ్యం అయితే, ఓడినప్పుడు తక్కువైందేమిటి? నైపుణ్యమేగా! ఆ మాట మాత్రం ఎవరూ అనరు. గెలిస్తే నైపుణ్యం, ఓడితే ఎదుటివాడి కుళ్లు. కోర్టు ముక్కలు గుర్తుపెట్టుకోవాలంది గానీ, గుర్తుపెట్టుకోనందుకు పక్కవాడిని తిట్టమనలేదు.

కోటు సరిగ్గా లేనివాడు

మనిషి బుర్ర ఇలా ఎందుకు పనిచేస్తుందో కనిపెట్టడానికి ఎలెన్ లాంగర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కొన్ని సరదా ప్రయోగాలు చేసి, 1975లో ప్రచురించారు. ఒకదాంట్లో ఇద్దరు చెరో ముక్క తీస్తారు, పెద్ద ముక్క వచ్చినవాడు గెలుస్తాడు. ఇందులో తెలివికి చోటే లేదు. అయితే కొందరికి ఎదురుగా చక్కగా తయారై, ధీమాగా ఉన్న మనిషిని కూర్చోబెట్టారు. మిగతావాళ్లకి ఒంటికి సరిపడని కోటు తొడుక్కుని, తడబడుతూ ఉన్న మనిషిని కూర్చోబెట్టారు. తడబడేవాడు ఎదురుగా ఉన్నప్పుడు జనం పందెం ఎక్కువ కాశారు! ముక్కకి కోటు కనిపిస్తుందా?

ఇంకో ప్రయోగంలో ఒక డాలరు లాటరీ టిక్కెట్లు అమ్మారు. కొందరికి టిక్కెట్టు చేతిలో పెట్టేశారు, కొందరిని ఎంచుకోమన్నారు. తర్వాత 'ఆ టిక్కెట్టు తిరిగి ఎంతకి అమ్ముతారు?' అని అడిగితే చేతిలో పెట్టించుకున్నవాళ్లు సగటున రెండు డాలర్లు చాలన్నారు. తామే ఎంచుకున్నవాళ్లు ఎనిమిదిన్నర డాలర్ల పైన అడిగారు. నా చెయ్యి తగిలితే కాగితం ముక్కకి కూడా విలువ పెరుగుతుందన్నమాట.

మేడ మీద ఆట దగ్గర జరిగేదీ ఇదే. మంచి ముక్కలు పడితే అవి పంచినవాడి చేతిలోంచి యాదృచ్ఛికంగా వచ్చాయని మన మనసు ఒప్పుకోదు. 'నావి' అనుకుంటుంది, నా గొప్పకి గుర్తు అనుకుంటుంది. అవతల ఉన్నవాడు మనకంటే చిన్నవాడో, కొత్తవాడో, మాసిన చొక్కావాడో అయితే ఆ ధీమా రెట్టింపు. అలాంటివాడి చేతిలో ఓడితే పోయింది పాయింట్లు కాదు, పరువు. పరువు పోయినవాడికి ఎవరో ఒకరు దోషి కావాలి.

మోసమైతే లేవాలి కదా!

"అంటే పేకాటలో మోసమే లేదంటారా?" అని మీరు అడగొచ్చు. ఎందుకు లేదు? గుర్తులు పెట్టిన ముక్కలుంటాయి. ఇద్దరు కూడబలుక్కుని మూడోవాడిని ముంచడం ఉంటుంది. కొత్తవాడిని నాలుగాటలు గెలిపించి అయిదో ఆటకి గోచీ ఊడదీసేవాళ్లుంటారు. సంక్రాంతికి కోడిపందేల బరుల పక్కన వెలిసే కోతముక్క శిబిరాల గురించి మన డెల్టా వాళ్లకి వేరే చెప్పాలా?

మరి నిజంగా మోసపోయినవాడినీ, సాకు వెతుక్కునేవాడినీ తేడా కనిపెట్టడం ఎలా? దానికి ఒక్కటే పరీక్ష. వాడు తర్వాత ఏం చేశాడో చూడండి. మోసం జరిగిందని నమ్మినవాడు లేచి వెళ్లిపోతాడు, మళ్లీ ఆ గుమ్మం తొక్కడు. కిరాణా కొట్టువాడు తూకంలో కొట్టాడని తెలిస్తే మర్నాడు మళ్లీ అక్కడే పప్పు కొంటామా? కానీ మన పేకాటరాయుడు "ఇదంతా మోసం, అన్యాయం" అని అరిచి, అదే నోటితో "ఊఁ, పంచు" అంటాడు. పంచమన్నాడంటే మోసమని వాడే నమ్మడం లేదన్నమాట. వాడికి కావలసింది న్యాయం కాదు, ఇంకో ఆట ఆడటానికి ఒక కారణం.

సెల్‌ఫోన్లోకి రమ్మీ, పోకర్ వచ్చాక ఇది ఇంకా విచిత్రమైంది. ఎదుటివాడి మొహం లేదు, పేరు కూడా నిజం కాదు. మంచి ముక్కలు పడి ఓడగానే 'అవతల మనిషి కాదు, కంప్యూటరే ఆడుతోంది', 'డబ్బు వేసిన మొదటిరోజు గెలిపించి తర్వాత లాగేస్తారు' అనే మాటలు ప్రతి కుర్రాడి నోటా వినిపించాయి. నిజమే కావచ్చు అనుకుందాం. అలా అన్న కుర్రాడు ఆ మాట పూర్తికాకుండానే ఇంకో అయిదు వందలు వేసేవాడు. దొంగ అని తెలిసినవాడి చేతికే తాళాలు ఇచ్చేవాడిని ఏమనాలి?

శకునిని తిట్టి ఊరుకోలేదు

మన పురాణాల్లో జూదం అనగానే శకుని గుర్తొస్తాడు. ఊళ్లో ఎవడు పందెంలో ఓడినా ఎదుటివాడిని 'శకుని' అనడం మనకి అలవాటు. కానీ భారతాన్ని కాస్త జాగ్రత్తగా చూడండి. సభాపర్వంలో శకుని దుర్యోధనుడికి చెప్పే మాట ఒకటుంది. ధర్మరాజుకి జూదమంటే ఇష్టం, కానీ ఆడటం రాదు! ఇదే ఆ కథకి కీలకం. రాజసూయం చేసి, దేశదేశాల రాజుల చేత కప్పం కట్టించుకున్న మనిషి ధర్మరాజు. ఆయన చేతిలో ఉన్నన్ని మంచి ముక్కలు ఆనాడు ఎవరి దగ్గరా లేవు. ఆ ధీమాతోనే ధనం, రథాలు, రాజ్యం, తమ్ముళ్లు, చివరికి ద్రౌపది. ఒక్కో పందెం ఓడినకొద్దీ తగ్గాల్సిందిపోయి పెంచుకుంటూ పోయాడు.

అడవికి వెళ్లాక ఏం చేశాడు? అరణ్యపర్వంలో బృహదశ్వుడనే మహర్షి వస్తే, 'నాలాంటి దురదృష్టవంతుడు ఎవడైనా ఉన్నాడా?' అని వాపోయాడు. మహర్షి శకునిని తిడుతూ కూర్చోలేదు. నలుడి కథ చెప్పాడు. పుష్కరుడితో జూదమాడి రాజ్యం పోగొట్టుకున్న నలుడు, ఋతుపర్ణుడి దగ్గర కొలువు చేశాడు. ఆ ఋతుపర్ణుడు తాని చెట్టుని చూసి దాని ఆకులూ కాయలూ ఎన్నో రథం మీంచే లెక్క చెప్పగలిగినవాడు. అశ్వవిద్య ఇచ్చి, ఆయన దగ్గర అక్షహృదయం నేర్చుకున్నాడు నలుడు. అంటే జూదంలోని లోగుట్టు, లెక్క. నేర్చుకున్నాకే మళ్లీ పుష్కరుడి ఎదుట కూర్చున్నాడు, గెలిచాడు. గెలిచాక పుష్కరుణ్ని చంపలేదు, క్షమించి పంపేశాడు.

ఈ కథ చెప్పి బృహదశ్వుడు ఆ అక్షహృదయాన్ని ధర్మరాజుకీ ఉపదేశించాడు. ఆ ధర్మరాజే తర్వాత విరాటుడి కొలువులో కంకుభట్టై రాజుగారితో పాచికలాడుతూ ఏడాది గడిపాడు. శకుని మోసగాడే, కాదనడం లేదు. అయినా వ్యాసుడు ధర్మరాజు చేత చేయించిన పని తిట్టించడం కాదు, నేర్పించడం. మనం మాత్రం ఆ కథలోంచి శకుని పేరొక్కటే పట్టుకుని మిగతాది వదిలేశాం.

ఇంటికి వచ్చే కోపం

ఇదంతా పునుగుల పందెం దగ్గర ఆగితే ఇంత చెప్పుకోనక్కర్లేదు. ఆగడం లేదు. ఓటమి కంటే ప్రమాదకరమైంది 'నన్ను దోచుకున్నారు' అన్న కసి. ఓడిపోయాననుకున్నవాడు ఇంటికెళ్లి పడుకుంటాడు. దోచుకున్నారనుకున్నవాడు 'నా డబ్బు' వెనక్కి తెచ్చుకోవడానికి కూర్చుంటాడు. పందెం రెట్టింపు చేస్తాడు. పోకర్ ఆడేవాళ్లు ఈ స్థితిని 'టిల్ట్' అంటారు. పిన్‌బాల్ యంత్రాన్ని కోపంతో కుదిపితే అది ఆట ఆపేసి చూపించే మాట అది. యంత్రం ఆపేస్తుంది. మనిషి ఆపడు, అదే తేడా.

జీతం రాగానే ఫోన్లో రమ్మీ, అది పోతే స్నేహితుల దగ్గర చేబదులు, ఆ తర్వాత ఇంట్లో తెలియకుండా గొలుసు తాకట్టు. ఈ వరస తెలియని వీధి ఇవాళ ఉందా? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 సెప్టెంబరులో ఆర్డినెన్సు తెచ్చి రమ్మీ, పోకర్‌తో సహా ఆన్‌లైన్ పందేలని నిషేధించింది. తెలంగాణ అంతకుముందే, 2017లోనే ఆ పని చేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా, డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతా నిషేధించింది. ఆడించేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. 1967 నుంచి కంఠతా పెట్టుకున్న తీర్పు ఫోన్ తెర మీద అక్కరకు రాకుండా పోయింది.

చట్టం ఆటని ఆపగలదేమో గానీ, ఓడినవాడి మనసులోని ఆ వేలుని ఆపలేదు. ఎప్పుడూ బయటికి చూపించే వేలు. బల్ల దగ్గర ఎదుటివాడిని చూపించిన వేలు ఇంటికొచ్చాక ఇల్లాలిని చూపిస్తుంది. 'నువ్వు ఆ సమయంలో ఫోన్ చేశావ్, అందుకే ముక్క తప్పింది.' 'నువ్వు ఎదురొచ్చావ్.' 'నీ మొహం చూసి వెళ్లాను.' ఆ ఇంట్లో ఎన్నడూ పేక ముట్టని మనిషి ఒక్కత్తే ఉంటే, ప్రతి ఆటా ఓడించేది ఆవిడే! పిల్లలు ఇది వింటూ పెరుగుతారు. రేపు లెక్కల్లో మార్కులు తగ్గితే మాస్టారిదే తప్పనడం వాళ్లకి ఎవరు నేర్పారో వేరే వెతకనక్కర్లేదు.

మూడు ప్రశ్నలు

సరదాకి ఆడేవాళ్లకి ఆట మానమని చెప్పడం లేదు. చాప మీద నలుగురు కూర్చుని నవ్వుకుంటే ఎవరికీ నష్టం లేదు. ఓడాక నోరు తెరవబోయే ముందు మాత్రం మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి, అవే ముక్కలు మళ్లీ పడితే ఇలాగే ఆడతానా? 'అవును, ఇలాగే' అంటే మీరు సరిగ్గానే ఆడారు, అదృష్టం కలిసి రాలేదు. నూటికి పదిహేనుసార్లు రెండు ఆసులు కూడా ఓడతాయి. బాధపడక్కర్లేదు, ఎవరినీ తిట్టక్కర్లేదు. 'లేదు, ఫలానా ముక్క ముందే వదిలేవాణ్ని' అంటే దొరికేశారు. ఆ ఫలానా ముక్క వదలనిది ఎదుటివాడు కాదు.

రెండు, వాడి కుర్చీలో నేనుంటే ఏం చేసేవాణ్ని? ఆ రాజుని మీరూ ఆపేవారే. అయితే అది కుళ్లు కాదు, ఆట.

మూడు, నిజంగా మోసం జరిగిందని నమ్ముతున్నానా? నమ్మితే చెప్పులేసుకోండి. నమ్మకపోతే ఆ మాట నోట రానివ్వకండి. రెండిటి మధ్యా ఇంకో దారి లేదు.

మంచి ముక్కలు పడటం మన గొప్ప కాదు, పంచినవాడి దయ. వాటితో ఏం చేశామన్నదే మనది. పోయిన పాయింట్లు మన ఖాతాలో రాసుకుంటే రేపటికి ఒక పాఠం మిగులుతుంది. పక్కవాడి ఖాతాలో రాస్తే పాయింట్లూ పోతాయి, పాఠమూ పోతుంది, ఒక్కోసారి పక్కవాడూ పోతాడు. పేకలో యాభై రెండు ముక్కలు మళ్లీ కలుపుకోవచ్చు. మనుషుల్ని అంత సులువుగా కలపలేం.